లారీ కంటే ముందు బుట్ట

పందొమ్మిది వందల తొంభై ఒకటి జూలై ఎనిమిదిన పురపాలక సంఘం కూరగాయల మార్కెట్లో గుమస్తాగా చేరి, ముప్పై నాలుగేళ్ళ సేవానంతరం సూపరింటెండెంట్ హోదాలో నేడు పదవీ విరమణ చేస్తున్న మేడమ్ గారిని మార్కెట్టంతా 'గేటమ్మ' అనే పిలుస్తుంది. మార్కెట్ కమిటీలో పన్నెండేళ్ళు వారి పక్క కుర్చీలో కూర్చున్న ఉల్లిపాయల వ్యాపారి ఈ నాలుగు మాటలూ రాస్తున్నాడు.

సూపరింటెండెంట్ అయిన ఏడాదే వారు 'మొదటి గంట' నిబంధన తెచ్చారు. పొద్దున ఐదు నుంచి ఆరు దాకా గేటులోకి లారీ రాకూడదు. బుట్టలతో వచ్చే చిన్న రైతులు, చేతిసంచులతో వచ్చే పేదలు మాత్రమే రావాలి. తాజా సరుకు ముందు వాళ్ళకు దక్కాలన్నది వారి పట్టుదల. బయట లారీ పక్కన నిలబడి, సరుకు పాడవుతోందని ఈ రాస్తున్న వ్యాపారే గొంతు చించుకునేవాడు.

"గంటలో ఉల్లిపాయ వాడుతుందా అన్నా? మీ మొహమే వాడింది," అని నవ్వేవారు మేడమ్.

ఆ గంటను నమ్ముకుని ఊరి చుట్టూ నలభై కుటుంబాలు కూరలు పండించసాగాయి. వరదకు వంతెన కొట్టుకుపోయి పదకొండు రోజులు లారీలు అవతలి ఒడ్డున ఆగిపోయినప్పుడు, ఊరు తిన్నది ఆ బుట్టల చలవతోనే. మూడో రోజు వ్యాపారి కూడా సంచి పట్టుకుని నడిచివచ్చాడు.

"లారీ ఏదన్నా?"

"ఆ ఒడ్డున ఉందమ్మా. ఇంట్లో పిల్లలకి కూర లేదు."

"అయితే ఇవ్వాళ మీరూ చిన్న బేరమే. పోయి ఆ అవ్వ వెనకాల నిలబడండి."

నిలబడ్డాడు. అరకిలో బెండకాయలు దక్కాయి. తన జన్మలో అంత లాభసాటి బేరం మరొకటి లేదని అతనికి ఆ రోజే తేలిపోయింది.

తేలింది గానీ, నోటిదాకా రాలేదు. కిందటి నెల కమిటీ ముందుకు ఒక తీర్మానం వచ్చింది: మేడమ్ స్థానంలో ఎవరినీ వేయరు, వారితోనే మొదటి గంట ముగుస్తుంది. సభ్యుల్లో ఒక్కరు కాదన్నా అది ఆగిపోయేది. మేడమ్ అతని వైపు చూశారు. అతను బల్లకేసి చూశాడు.

"పోనీలే అన్నా, మీ ఇబ్బందులు మీవి," అన్నారు బయటికొస్తూ, కోపమన్నది లేకుండా.

బుట్టల రైతుల్లో సగంమంది అప్పుడే పొలాలు అమ్మకానికి పెట్టారు. మళ్ళీ వంతెన కూలితే, నిలబడడానికి వరుసే ఉండదు.

మేడమ్ గారికి సంపూర్ణ ఆరోగ్యం, నిండు నూరేళ్ళ ఆయుష్షు కలగాలి. వారి ఉదయపు నడక ఏ రోజూ ఆగకూడదు. అయితే ఆ నడక మార్కెట్ వైపు కాక మరో దారిన సాగాలని వ్యాపారి వేడుకోలు. రేపు ఐదింటికి గేటు ముందు మొట్టమొదట నిలబడేది అతని లారీయే.