మెనూలు దాటి వినిపించిన గాలి హెచ్చరిక

శ్రీ విజయభాస్కర్ గారు 1991 జూలై 15వ తేదీన మన తీర సమాచార కేంద్రం గూడూరు శాఖలో టైపిస్టుగా బాధ్యతలు స్వీకరించారు. నాయుడుపేట ప్రాంతపు రైతు కుటుంబంలో జన్మించిన వారు, ఒక్క అక్షరం తప్పు పడినా పుట మొత్తం తిరిగి టైపు చేసేవారనీ, ఆ నిష్ఠకు శాఖలోని కాగితాలు చాలేవి కావనీ ఆనాటి సహోద్యోగులు నేటికీ నవ్వుతూ చెప్పుకొంటారు.

కంప్యూటర్లు వచ్చిన తొలినాళ్లలోనే స్వయంకృషితో ఆ విద్యను అభ్యసించి, నెల్లూరు ప్రధాన కార్యాలయానికి బదిలీపై వచ్చి, మన వెబ్‌సైటుకు రూపకల్పన చేశారు. చూపు లేనివారి కోసం తెరమీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడరుకు ఏది శీర్షికో, ఏది జాబితానో, ఏది మెనూనో స్పష్టంగా తెలిసేలా ప్రతి అంశానికీ కోడులో తగిన గుర్తు ఉండి తీరాలన్నది వారి సంకల్పం. మన వెబ్‌సైటు అన్ని ప్రమాణ పరీక్షల్లోనూ ఉత్తీర్ణమైన రోజున విభాగమంతటికీ మిఠాయిలు పంచారు.

యువ ఇంజనీరు కిషోర్ బాబు గారికి మాత్రం సంతృప్తి కలగలేదు.

"కోడు బాగుండాది సార్. వాడేవాళ్లకు సులువుగా ఉండాదా?"

"కోడు సరిగ్గా ఉంటే సులువు దానంతట అదే వస్తుంది నాయనా."

కిషోర్ బాబు గారు పట్టుదలతో పెద్ద పెద్ద బొమ్మలతో ఒక నమూనా తయారుచేశారు. ఆ బొమ్మలకు కోడులో పేర్లు ఇవ్వకపోవడంతో స్క్రీన్ రీడరు దానిని "బటన్, బటన్, బటన్" అని మాత్రమే చదివింది. విజయభాస్కర్ గారు వారం రోజులు ఆయనను "ఏం బటన్ గారూ" అనే పలకరించారు.

మూడేళ్ల క్రితం, ఒక కార్తీకమాసపు ఉదయం కార్యాలయంలో విజయభాస్కర్ గారికి ఫోను వచ్చింది. చేసినవారు అల్లూరు దాపున ఉన్న మత్స్యకార గ్రామానికి చెందిన ఆదిశేషమ్మ గారు. చూపు లేకపోయినా సెల్‌ఫోనులో మన సమాచారం విని ఊరివారికి చెప్పే ఇల్లాలు.

"సార్, మా తమ్ముడోళ్లు పడవ తోస్తా ఉండారు. గాలి హెచ్చరిక ఉండాదా లేదా?"

"మొదటి పేజీలోనే ఉందమ్మా."

"ఏడుండాదయ్యా! మెనూ అంటాది, జాబితా అంటాది, దాంట్లో ఇంకో జాబితా అంటాది. అన్నీ బాగానే చదవతా ఉంది, నాకు కావాల్సింది మాత్రం చెప్పలా."

విజయభాస్కర్ గారు వెంటనే హెచ్చరికను చదివి వినిపించారు. ఫోను పెట్టకుండానే ఆమె "ఒరే శివా, తోయొద్దురా, ఆగండ్రా!" అని వేసిన కేక మా గదంతా వినిపించింది. పడవలు ఒడ్డునే ఆగాయి. మధ్యాహ్నానికి సముద్రం పోటెత్తింది.

ఆ సాయంత్రమే కిషోర్ బాబు గారిని వెంటబెట్టుకొని వారు ఆ గ్రామానికి వెళ్లారు. ఆదిశేషమ్మ గారి వసారాలో కూర్చొని, కళ్లు మూసుకొని, ఆమె ఫోనులో తాము నిర్మించిన పేజీని తామే విన్నారు. సగం కూడా కాకముందే "ఇంకా ఎంతసేపమ్మా?" అని విసుక్కున్నారు.

"నన్నడగతారేంది సార్, చేసింది మీరే గదా!" అన్నారామె. ముగ్గురూ పగలబడి నవ్వుకున్నారట.

తిరిగి వచ్చాక గురుశిష్యులిద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. హెచ్చరిక తన శీర్షికతో పేజీ మొదటికి వచ్చింది. మెనూ నాలుగు మాటలకు కుదించుకుపోయింది; లోపలి జాబితాలు కోరినప్పుడే తెరుచుకొనేలా మారాయి. విజయభాస్కర్ గారు తమ గుర్తులలో ఒక్కటీ వదులుకోలేదు. కిషోర్ బాబు గారు వినేవారి దారిలో ఒక్క అడ్డంకీ మిగల్చలేదు. "ఇప్పుడు బాగుండాది సార్, ఫోను తీస్తానే గాలి సంగతే చెప్తాది" అని ఆదిశేషమ్మ గారు కబురు చేసిన రోజున మిఠాయిలు మళ్లీ వచ్చాయి. ఈసారి వాటిని తెచ్చింది కిషోర్ బాబు గారు.

ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న విజయభాస్కర్ గారు, ప్రతి ఉదయం మైపాడు ఒడ్డున నడకకు తీసుకువెళతానని సతీమణి చెంచులక్ష్మి గారికి మాట ఇచ్చారని విన్నాం. ఆ నడకకు మోకాళ్లూ, ఆ పైన ఆమె వండే చేపల పులుసుకు జీర్ణశక్తీ నిండు నూరేళ్లూ వారికి తోడుండాలనీ, ఆ దంపతులకు ప్రతి ఉదయం హాయిగా తెల్లవారాలనీ మా విభాగమంతా మనసారా కోరుకుంటున్నాం.

— సాయిలక్ష్మి, సమాచార విభాగం