స్విచ్ ఆఫా?

బల్ల మీద మ్యూజియం వాళ్ళిచ్చిన టేపు రికార్డరు. ఒకవైపు అమ్మమ్మ, ఎదురుగా మనవరాలు.

“కాంటాక్ట్! ఇదిగో, నొక్కేశాను. ఇక చెప్పు అమ్మమ్మా.”

“ఆ మాట అనకు. ఎన్నిసార్లు చెప్పాలే నీకు?”

“ఏ మాట, కాంటాక్టా? మావయ్య స్కూటర్ కిక్ కొట్టిన ప్రతిసారీ అంటాడుగా, విమానం నడిపిన గద్ద ముత్తాత మాట అని.”

“మీ మావయ్యకి బుద్ధి లేదు. నీకూ లేకపోతే ఎలా?”

“సరే సరే, అనను. వాళ్ళకి కావాల్సింది ఒక్క ముక్కే. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాలు నడిపినవాళ్ళ పేర్లు రాతి మీద చెక్కిస్తున్నారు. ముత్తాత పేరు చెక్కడం ఇంట్లోవాళ్ళకి ఇష్టమేనని, కూతురిగా నువ్వు చెప్పాలి. చెప్పెయ్.”

“చెప్పకపోతే?”

“చెక్కరు. ఏడాదిగా కాళ్ళరిగేలా తిరిగానమ్మమ్మా, ఆయన కోసం!”

“తిరగమని ఎవరు ఏడ్చారు?”

“అదేం మాట? బాంబు చేత్తో పట్టుకుని కిందికి వదిలిన మనిషి!”

“అవును, ఒకసారి సంత మీద వదిలాడు. అన్నం తింటూ చెప్పేవాడు. జనం ఎటు పరిగెత్తారో వేళ్ళతో చూపించి, పొలమారేదాకా నవ్వేవాడు.”

“సంత మీదా...”

“ఆ. ఇక బెల్టు సంగతి అడుగు. సీటుకి కట్టుకునే తోలు బెల్టు. ఇంటికి తెచ్చుకున్నాడు. మా అమ్మని తలుపుకేసి నిలబెట్టి, ‘స్విచ్ ఆఫా?’ అని అడిగేవాడు. ఆవిడ ‘ఆఫ్’ అనాలి. ఆ తర్వాత కాంటాక్ట్ అని ఒక్క అరుపు. అరుపుతోపాటే బెల్టు.”

“అమ్మమ్మా!”

“అడ్డం వెళ్తే నాకూ పడేవి. ఈ చెవి అందుకే వినపడదు.”

“జ్వరం వచ్చి పోయిందన్నావుగా!”

“అన్నాను. ఏమనమంటావు?”

“యుద్ధం చూసొచ్చిన మనిషి కదా, బుర్ర చెదిరి—”

“ఏం చెదరలేదు. అసలా మాట ఎక్కడిదో తెలుసా?”

“తెలుసు. అప్పట్లో ఇంజను దానంతటది తిరిగేది కాదు. కిందున్న మెకానిక్ ముందు పంకా చేత్తో తిప్పాలి. స్విచ్ ఆఫా అని అడుగుతాడు. పైలట్ ఆఫ్ అన్నాకే పంకా రెక్క మీద చెయ్యి వేస్తాడు. తను కాంటాక్ట్ అని అరిచాక పైలట్ స్విచ్ వేస్తే, ఒక్క ఊపుతో తిప్పి దూరంగా దూకేస్తాడు.”

“ఆఫ్ అని చెప్పి, వేసే ఉంచితే?”

“రెక్క తిరిగి కొడుతుంది. చచ్చిపోతాడు.”

“ఆ.”

“మన ఊరి మైదానంలోనే ముత్తాత విమానం దగ్గర ఒక మెకానిక్ పోయాడని మ్యూజియం ఆయన చెప్పాడు. ప్రమాదమట.”

“మెడ దగ్గర తెగింది. తల కంచెదాకా దొర్లింది. మా అమ్మ ఆ కంచె పక్కనే నిలబడి ఉంది.”

“ఆవిడ అక్కడెందుకుంది?”

“భోజనం తెచ్చింది.”

“ముత్తాతకా?”

“ఆఫా అని అడగడం వింది. ఆఫ్ అనడం వింది. నవ్వుతూ అన్నాడే, నవ్వుతూ!”

“మర్చిపోయాడేమో. అలాంటివి జరిగేవట...”

“మర్చిపోయినవాడు కిందికి దూకడా? గుండెలు బాదుకోడా? కళ్ళద్దాల మీద నెత్తురు తుడుచుకుంటూ సీట్లోనే కూర్చున్నాడు. పోయింది తోడబుట్టిన అన్న!”

“అన్నా? ముత్తాతకి అన్న ఉన్నాడా? ఎవరూ చెప్పలేదే!”

“చెప్పనిస్తేగా! పేరెత్తితే బెల్టు.”

“అన్నని ఎందుకు చంపుతాడు?”

“విమానం నడిపేది నేను, పంకా తిప్పుకునేది వాడు, అయినా వాడికే దక్కిందని కుళ్ళు.”

“ఏం దక్కింది?”

“టేపు తిరుగుతోందా?”

“తిరుగుతోంది. ఆపనా?”

“వద్దు. ఆ అన్న పేరు చెక్కుతారేమో కనుక్కో.”

“చెక్కరమ్మమ్మా. ఎగిరినవాళ్ళకే ఆ రాయి, కింద పనిచేసినవాళ్ళకి కాదు. నీ కోపం నాకు అర్థమైంది. అయినా కన్నతండ్రి కదా! వాళ్ళకి ఏమని చెప్పమంటావు?”

“మా నాన్న ఎప్పుడూ ఎగరలేదని చెప్పు. కింద నిలబడి పంకా తిప్పేవాడు.”