ఎల్క్ కూత

ఒమాన్‌లో మస్కట్ పక్కన సీబ్‌లో ఒక విల్లా. గేటు పక్క గదిలో ముసలి డ్రైవరు ఖమరుద్దీన్, కడప మనిషి. తోటపని చేసే ఓంకార్, జగిత్యాల మనిషి, ఇప్పుడే లోపల యజమాని అర్బాబ్‌తో మాట్లాడి వచ్చాడు.

"మళ్లీ చెప్పు. అర్బాబ్ ఏమడిగినాడు, నువ్వేమన్నావ్?"

"వేట వచ్చా అనడిగిండు చాచా. ఆతా హై అన్న."

"ఆతా హై. టైల్స్ పని వస్తాదా అంటే ఆతా హై. ఏసీ పని వస్తాదా అంటే ఆతా హై. నువ్వు విప్పిన ఏసీ నీళ్లు ఇప్పటికీ మేడమ్ పరుపు మీద కారతాండాయి."

"ఏజెంట్ గట్లనే చెప్పిండు గదా. గల్ఫ్‌ల ఏదడిగినా రాదనొద్దు, వచ్చు అనాలె, ఎనుక నేర్చుకోవాలె అని. అందరు గట్లనే వచ్చిన్రు. నువ్వు మాత్రం..."

"నా సంగతి తియ్యొద్దు. నేను మస్కట్‌లో దిగేటప్పటికి నీకు మూతి మీద మీసం లేదు. సరే, మీ జగిత్యాలలో ఏం వేటాడినావో చెప్పు, విందాం."

"అడివిపందిని జూసిన."

"చూసినావ్. చూసి?"

"ఉరికొచ్చిన."

"అయితే అది నిన్ను వేటాడింది. ఈ మాట అర్బాబ్‌తో చెప్పినావా?"

"ఆయన అడగలే."

"అడగడు. వాళ్లకు అడిగే ఓపిక ఉంటే నీకు వీసా వచ్చేదా?"

"ఎల్క్ అంటే ఎట్లుంటది చాచా? ఫోన్ల సూపెట్టిండు. మన కణుజు దుప్పి లెక్కనే ఉన్నది."

"కణుజు దాని ముందర పిల్లకాయ మాదిరి ఉంటాది. గుర్రమంత మృగం అది. మజ్లిస్‌లో సోఫా పైన కొమ్ములు చూడలేదా? రోజూ దుమ్ము తుడుస్తాండావ్, ఏం తుడుస్తాండావో తెల్దు నీకు. కజకిస్తాన్ కొండల్లో ఉంటాది. రోంత చన్నీళ్లు పోసుకోవాలంటే ఏడుస్తావ్, ఆ చలికి నిలబడ్తావా నువ్వు?"

"అందుకే నీ దగ్గరికి పొమ్మన్నడు. ఎట్ల జేస్తరో అంత ఖమర్‌ను అడుగు, ఒక్కటి ఇడవకుండ నేర్సుకో అన్నడు."

"అట్లన్నాడా."

"ఆఁ."

"చూసినావా మరి. ఇంట్లో కొడుకులుండారు, ఆఫీసులో ఆ ఈజిప్టు మిస్రీ మేనేజర్ ఉండాడు, లోకం తిరిగినోళ్లు. అడగాలంటే ఎవురిని అడగాల? ఖమర్‌ను. సరే, చెప్పులు బయట విడిచి కూచో."

"మంచం మీద గీ సంచేంది?"

"నా ఉన్ని కోటు, బూట్లు. నిన్ననే ఎండకేసినా. ఏటా పోయేటోడికి ఇంకొకడు వచ్చి చెప్పాల్నా?"

"అప్పుడే సదురుకున్నవా?"

"నా పాస్‌పోర్ట్ లాకర్‌లోంచి తీసినారు కదప్పా. పెద్దకొడుకు పట్టుకోని పోతాంటే నా కండ్లతో చూసినా. నీదీ నాదీ, రెండూ. ఏటా ఇంతే. మన పాస్‌పోర్ట్ లాకర్ దాటి బయటికొచ్చిందంటే వేటకే."

"ఊఁ."

"ఊఁ ఏంది?"

"ఏం లే. నువ్వు చెప్పు చాచా. మొదాల ఏం జెయ్యాలె?"

"మొదట నోరు మూసుకోవాల. దగ్గకూడదు. సెంటు పూసుకోకూడదు. అది అర్బాబ్‌కు చెప్పు ముందు, ఊదు పొగేసుకోని కొండెక్కుతాడు ఆయన. ఆ వాసనకు మృగం పక్క దేశానికి పోతాది."

"ఆయనకు నేనెట్ల చెప్తా?"

"చెప్పవు. నాకు తెలుసు. ఇంకొకటి, నవ్వు ఆపుకోవడం నేర్చుకో. అర్బాబ్ గుండు ఎప్పుడూ తగల్దు. మొదటిది చెట్టుకు పోతాది. రెండోది కొండకు. మూడోది కాల్చేటప్పుడు పక్కనుండే కజక్ వాడు కూడా కాలుస్తాడు, అప్పుడు పడ్తాది మృగం. పడంగానే 'మాషా అల్లా బాబా' అని అర్బాబ్ చెయ్యి పట్టుకోవాల. పొరపాటున కజక్ వాని దిక్కు చూసినావంటే అయిపోయినావ్."

"అంటే మజ్లిస్‌ల ఉన్న కొమ్ములు..."

"కజక్ వాడి గుండు, అర్బాబ్ ఫోటో. వచ్చిన షేకులంతా దాని కింద కూచోని కహ్వా తాగి వాహ్ అంటారు. వాళ్లకు తెల్దనుకున్నావా? వాళ్ల ఇండ్లల్లో కొమ్ములూ అట్లాంటివే."

"గమ్మతున్నదే. మరి కత్తి పని?"

"కత్తి నీకెందుకు? పడినాక పానం పోకముందే ఉరికి, బిస్మిల్లా అని గొంతు కోయాల. లేకుంటే ఆ మాంసం వీళ్లు ముట్టరు. నువ్వు కోస్తే తింటారా? అది నా పని. నువ్వు కాళ్లు పట్టుకో, చాలు."

"అర్బాబ్ ఈసారి తనే కోస్తా అన్నడు."

"ఎవురు?"

"అర్బాబ్."

"బక్రీద్‌కు మేక మెడ మీద కత్తి పెట్టి కండ్లు మూసుకునే మనిషి. ఏమో, అంటారు పెద్దోళ్లు. అన్నీ చేస్తారా? ఆడికి పోయినాక 'ఖమర్, రా' అంటాడు చూడు."

"బండి గూడ అక్కడి కంపెనీ ఇస్తదట. డ్రైవర్‌తోని."

"ఆ కొండల్లో బండి ఎక్కించడం వాళ్లకేం తెలుసు?"

"ఆళ్ల కొండలే గదా చాచా."

"వాళ్లవైతే? ఈ ఎడారి వీళ్లదే కదా. చిన్నకొడుకు ఇసుకలో బండి దించితే ఎవురు లాగినారు బయటికి? వాళ్లమ్మా?"

"నువ్వే లాగినవ్."

"ఆఁ. నేనే. ఇంతకూ ఏంది నువ్వు, ఒక్కొక్కటే అడిగి ఒక్కొక్కటే పక్కకు పెడ్తాండావ్? కత్తికి ఖమర్ అక్కర్లేదు, బండికి ఖమర్ అక్కర్లేదు. ఎవుడు నేర్పించినాడు నీకు?"

"నాకెవరు నేర్పుతరు. విన్నది చెప్తున్న."

"విన్నది నీ దగ్గరే పెట్టుకో. చూడు ఓంకార్, నీ మొగానికి ఇది చెప్పాల్సిన పని లేదు, అయినా చెప్తాండా. నా వయసోడికి ఎవురూ పతాకా, అదే రెసిడెంట్ కార్డు, రెన్యూల్ చెయ్యరు ఈ దేశంలో. కార్డు అయిపోతానే ఫ్లైట్ ఎక్కిస్తారు. పెద్దకొడుకు అంటానే ఉండాడు, ముసలోడు ఎందుకు నాయనా, పంపిద్దాం అని. అర్బాబే ఆపుతాండాడు, వేటకు ఖమర్ కావాల అని. వేట నుంచి రావాల, నా కార్డు కొత్తది కావాల. ప్రతిసారీ అంతే. కాబట్టి నీ ఆతా హై తీసుకోని ఆడికొచ్చి నా పేరు చెడగొట్టినావంటే ఊరుకోను."

"ఇంటికి పోతే ఏమైతది చాచా? నీ బిడ్డ హుమా ఉన్నది గదా. మంచి బిడ్డ."

"మంచి బిడ్డే. మొగుడు ఉండాడే, ఇస్రార్, సెల్లు రిపేర్ దొర. పోయినసారి సెలవు మీద పోతే సంచి కూడా విప్పలేదు, 'మామా, వాపస్ కబ్, మళ్లీ ఎప్పుడు పోతావ్' అంటాడు. నేను తెచ్చిన కంబళి కప్పుకోనే అడిగినాడు ఆ మాట. టీవీ పెట్టాలన్నా వాడినే అడగాల."

"అల్లుండ్లు గట్లనే ఉంటరు. నాలుగు రోజులైతే..."

"నువ్వు నాకు చెప్పద్దు. కడపలో నేనెవురు? మసీదు మెట్ల మీద కూచునే ముసలోళ్లలో ఒకడిని. ఈడ షేకులొస్తే అర్బాబ్ నన్ను పిలుస్తాడు. 'ఖమర్, ఎల్క్ కూత కూయి' అంటాడు. నేను కూస్తే మజ్లిస్ మొత్తం చూస్తాది. అది వదిలిపెట్టి పోవాలంటే నాకు భయం. చెప్తే నీకేం అర్థమైతాది?"

"ఆళ్లు నవ్వుతరు చాచా."

"ఎవురు?"

"షేకులు. నువ్వు తలుపు దాటంగనే. నేను కహ్వా పోస్తుంటే జూసిన. నీ లెక్క మెడ సాపి, కండ్లు పెద్దగ జేసి సూపెడ్తరు ఒకనికొకడు. అర్బాబ్ గూడ."

"నీకు ఓర్వలేనితనం."

"నాకెందుకు..."

"నిన్ను పిలిచి చెట్లకు నీళ్లు పెట్టినావా అనే తప్ప ఒక్కడు ఒక్క మాట మాట్లాడినాడా ఆ మజ్లిస్‌లో? నీకు మండుతాది. నవ్వితే నవ్వుతారు, ముచ్చటేసి నవ్వుతారు. వాళ్లు నవ్వినా ఆ మృగం నవ్వదు కదా. అది నా కూతకు దిగొస్తాది."

"నిజంగ దిగొస్తదా?"

"ఆ సీజన్‌లో పోతు మదమెక్కి ఉంటాది. ఇంకో పోతు కూత వినిందంటే తన ఆడవాటి కోసం ఎవుడో వచ్చినాడనుకోని కొట్లాటకు ఉరికొస్తాది. ఆ కజక్ వాళ్ల దగ్గర గొట్టాలుండాయి, ఊదుతారు. గొట్టానికి ఒక్కటీ రాదు. నేను కూస్తే కొండ అవతల నుంచి కూడా జవాబు వస్తాది. సన్నగా ఎత్తుకోని, పైకి పోయి, చివర్లో కడుపులోంచి తియ్యాల. ఏదీ, నువ్వు కూయి."

"నేనా?"

"అన్నీ ఆతా హై కదా. కూయి."

"ఈఁఈఁఈఁ... ఊఁఊఁ..."

"ఆపు. పంటినొప్పా ఏంది అది?"

"మల్ల చేస్తా. ఈఁఈఁఈఁఈఁ..."

"చాలు, చాలు. దీనికి మృగం రాదు, అంబులెన్స్ వస్తాది."

"నాకు రాదు చాచా."

"అబ్బ. ఈ దేశంలో దిగినాక ఒక్క నిజం చెప్పినావ్. ఇదే మాట పోయి అర్బాబ్‌తో చెప్పు, నాకు కూత రాదు అని."

"చెప్పిన."

"ఏమన్నాడు?"

"పర్వాలేదన్నడు."

"ఎట్ల పర్వాలేదు? కూత లేకుంటే ఆ కొండల్లో యాడని పోతారు? గుండు తగలనోడు, కూత రానోడు, ఇద్దరూ పోయి ఏం చేస్తారు ఆడ, రొట్టెలు తిని వస్తారా?"

"చాచా, ఆ సంచి..."

"సంచికేమైంది?"

"ఆ సంచిల ఉన్ని కోటు తియ్యి. కడపల ఉన్ని కోటు ఏం జేస్కుంటవ్?"

"కడపలో?"

"పాస్‌పోర్ట్ తీసింది వేటకు కాదు. నాది వేటకు. నీది వీసా క్యాన్సల్‌కు పట్కపోయిండు పెద్దకొడుకు. బెంగళూరు టికెట్ గూడ తీసిన్రు. మేము పోయే ముందే నీ ఫ్లైట్."

"ఎవురు చెప్పినారు నీకు?"

"అర్బాబే. నాకు మొఖం చెల్లుతలేదు, మీ భాషల నువ్వే చెప్పు అన్నడు. ముందుగాల వేట పని అంత అడిగి నేర్సుకో, ఎనుక చెప్పు అన్నడు."

"ముందర నేర్చుకోమన్నాడా."

"ఆఁ."

"నేర్చుకున్నావా మరి?"

"నన్నేమనకు చాచా. నేను రానంటే నన్ను గూడ ఫ్లైట్ ఎక్కిస్తరు. నాకు నీ లెక్క ఏండ్లు గడవలే ఈడ."

"అబద్ధం. అర్బాబ్ అట్ల అనడు. నీది అబద్ధాల నోరు. కూత సంగతి చెప్పు నాకు. కూత ఎవురు కూస్తారు? నువ్వా? ఆ పంటినొప్పితోనా?"

"మొన్న మజ్లిస్‌ల నీతోని మల్ల మల్ల కూపిచ్చిండు గదా."

"ముచ్చటపడి అడిగినాడు. ఇంకోసారి ఖమర్, ఇంకోసారి అని. గొంతు పోయేదాకా కూసినా."

"అప్పుడే ఫోన్ల రికార్డు పట్టిండు. పట్టి ఇదో, నా చేతిల గీ చిన్న స్పీకర్ల ఎక్కిచ్చిండు. నా పని దీన్ని కొండ మీదికి మోసుకపోయి బటన్ నొక్కుడు. గంతే."

"నా కూతనా?"

"నీదే."

"నొక్కు."

"వద్దు చాచా."

"నొక్కు అంటాండా కదా."

"విన్నవా. అచ్చం నువ్వే."

"మళ్లీ నొక్కు."

"చాచా, ఊకో ఇగ..."

"నొక్కు. ఆఁ, ఆడ. చివర్లో విను. నాకు దగ్గొస్తే మింగినా, ఊపిరి తెగింది. దీనికి పోతు రాదు, ఎవుడో ముసలోడులే అనుకోని మేసుకుంటా ఉంటాది. పోయి అర్బాబ్‌తో చెప్పు, నా ఫ్లైట్ లోపల ఇంకోసారి పిలిపించుకోమను. ఖమర్ ఈసారి బాగా కూస్తాడంట అని చెప్పు."