అంతరిక్ష నౌకను పడవగా మార్చిన మేడమ్

1999 జూన్ 14, సోమవారం నాడు మా వీడియో గేమ్‌ల సంస్థలో ప్రణాళికాధికారిణిగా పదవీ బాధ్యతలు స్వీకరించి, నేడు సగౌరవంగా పదవీ విరమణ చేస్తున్న మా ‘సబ్సిడీ మేడమ్’ గారికి హృదయపూర్వక అభినందనలు. అదే ఉదయం, అదే బల్ల దగ్గర, ఆమెకన్నా ముందు ఉద్యోగంలో చేరుతూ సంతకం పెట్టినవాణ్ణి నేను. ఈ సంగతి ఎవరికీ గుర్తులేదు గనుక ఇక్కడ రాస్తున్నాను.

ప్రభుత్వం గేమ్‌ల తయారీకి సబ్సిడీ ప్రకటించిన తొలినాళ్ళలో, ఆ నిబంధనలను ఆమూలాగ్రం అధ్యయనం చేసిన ఏకైక వ్యక్తి ఆమె. అప్పటికి నేను ఒక అంతరిక్ష యుద్ధం గేమ్‌ను తపస్సులా రూపొందిస్తున్నాను. యజమాని గారి గదిలో సమావేశం జరిగింది.

“రక్తపాతం ఉంటే సబ్సిడీ రాదండీ. మన చరిత్ర, మన నదులు ఉంటే ఎక్కువ మార్కులట. ఈ నౌకని పడవ చేసేస్తే ఏం పోయింది?” అన్నారామె.

“ఏం పోయిందా? నా గేమే పోయింది! మరి శత్రువులో?”

“వరద పెట్టండి. అదీ మీద పడేదేగా!”

యజమాని గారు పడీ పడీ నవ్వారు. నా నౌక అటకెక్కింది.

ఆమె సహృదయతకు ఒక ఉదాహరణ మనవి చేస్తాను. మేడమ్‌కు గేమ్‌లు ఆడటం బొత్తిగా రాదు. భోజన విరామంలో మేం గేమ్‌లు ఆడి పరీక్షించే గదికి వచ్చి, మొదటి మలుపులోనే పడవను ముంచేసి, పకపకా నవ్వేవారు. “నేనే మునిగిపోతుంటే మా అత్తగారేం ఆడతారండీ? కాస్త తేలిక చెయ్యండి,” అని పట్టుబట్టారు. గొణుక్కుంటూనే చేశాను. ఇంకేముంది, అత్తలూ కోడళ్ళూ తాతలూ అందరూ ఆ పడవెక్కేశారు. పురస్కారం ఆమెకు, శాలువా ఆమెకు, పత్రికలో ఫొటో ఆమెకు. మా ఆవిడ కూడా “మీ మేడమ్ ఎంత బాగా చేశారండీ!” అంటూ ఇప్పటికీ ఆ పడవే నడుపుతుంది. తెడ్డు దగ్గర్నుంచి గీసింది నేనేనని మొత్తుకున్నా వినదు. అసూయతో నా ఒళ్ళు మండిపోయిందనీ, నేటికీ మండుతూనే ఉందనీ సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

తదనంతర కాలంలో ప్రతి గేమూ ఆమె సూచించినట్టే సబ్సిడీకి తగ్గట్టుగా రూపుదిద్దుకుంది, ప్రతిదీ గెలిచింది. ఈ ఏడాది ప్రభుత్వ విధానం మారి, అంతరిక్షానికే సబ్సిడీ వచ్చింది. “మీ నౌక బయటికి తీయండి, దరఖాస్తు పెట్టేద్దాం!” అని యజమాని గారు నన్ను పిలిపించారు. నాకు ప్రాణం లేచొచ్చింది. పక్కనే ఉన్న మేడమ్ అడ్డుపడ్డారు.

“వద్దండీ. దరఖాస్తు పెడితే యుద్ధం తీసేసి పాఠం పెట్టమంటారు. ఇదొక్కటీ ఈయన ఇష్టానికి వదిలేయండి. పడవ సంపాదించిన డబ్బుందిగా!”

యజమాని గారు సరేనన్నారు. అంటే, ఇన్నేళ్ళకు నా నౌక ఎగరబోతున్నది కూడా ఆవిడ పడవ పుణ్యానే! తిట్టుకుందామన్నా వీల్లేకుండా చేశారు మహాతల్లి. కృతజ్ఞతలు చెప్పడానికి వెళ్ళి, “ఇది కూడా మీరే గెలిచారు” అనేసి వచ్చాను.

మేడమ్ గారు సంపూర్ణ ఆయురారోగ్యాలతో, చురుకైన కళ్ళతో, వణకని వేళ్ళతో కలకాలం వర్ధిల్లాలని మనసారా ఆకాంక్షిస్తున్నాను. నా గేమ్ పూర్తి కావాలి, మొదటి ఆట ఆమే ఆడాలి. ఈసారి మాత్రం తేలిక చెయ్యను.