గుండె పరుగెడితే పొట్ట పస్తు

అధ్యక్షులు డాక్టర్ ఆనంద్‌కుమార్ గారికి, ఈ రోజు ఉద్యోగ విరమణ చేస్తున్న పసిపిల్లల వార్డు హెడ్ నర్సు ధనలక్ష్మి సిస్టర్ గారికి, ఆవిడ చేత తిట్లు తిని పిల్లల్ని దక్కించుకున్న తల్లిదండ్రులందరికీ నమస్కారాలు. (నవ్వులు) నా పేరు రంగనాథం. గరివిడిలో కిరాణా కొట్టు. చదివింది ఏడో తరగతి, మాట తడబడితే మన్నించాలి.

పెళ్ళయిన ఇరవై మూడేళ్ళకి, నాకు యాభై తొమ్మిదో ఏట, మాకు అమ్మాయి పుట్టింది. అదిగో, ముందు వరసలో వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చుని సిస్టర్ గారి దండలో పువ్వులు పీకుతున్నది అదే. ఒసే హర్షితా, ఒగ్గీయమ్మా!

పుట్టిన రోజునే దాని గుండె నిమిషానికి రెండు వందల యాభై సార్లు కొట్టుకుంటోందన్నారు. నేను ఛాతీ మీద వేలు పెట్టి, బియ్యం కొలిచినట్టు "లాభం, రెండు, మూడు" అని లెక్కపెట్టబోయాను. నేను మూడు అనేలోపు అది పదమూడు దాటింది. భయపడ్డానా? లేదండీ, హుషారైన పిల్లని మురిసిపోయాను! మందులిచ్చి గుండెను దారికి తెచ్చారు. గండం గడిచిందనుకున్నాను.

మూడో రోజు పొట్ట డోలులా ఉబ్బింది. ఆకుపచ్చగా వాంతి. పాలు మాన్పించి ముక్కులో గొట్టం వేశారు. "గుండెకి వైద్యం సేస్తే పొట్ట ఉబ్బడమేటి?" అని ఈ ఆనంద్‌కుమార్ డాక్టరు గారి మీదికే వెళ్ళాను. (ఇప్పుడు నవ్వుతున్నారు గానీ, ఆ రోజు నవ్వలేదు లెండి.)

నన్ను పెంచిన మా అక్క లక్ష్మణమ్మ, మేం అప్ప అంటాం, నన్ను మెట్ల దగ్గరికి లాగింది. "ఒరే రంగా, పొట్టుబ్బితే ఆముదం పట్టాల గానీ ఈ గొట్టాలేటిరా? మనం పుట్టినప్పుడు ఇవన్నీ ఉన్నాయేటి?" అని చిన్న సీసా నా జేబులో పెట్టింది. పిల్ల మంచం దాకా చేరాను. వెనక నుంచి సిస్టర్ గారి గొంతు.

"ఏటి బాబూ ఆ జేబులోది? తియ్యి."

తీశాను. అంతే, సీసా చేతులు కడిగే తొట్టిలో ఒంపేశారు.

"సూడు బాబూ, సరుకు బండి ఎక్కడా ఆగకుండా వీధులన్నీ పరిగెట్టేస్తే నీ కొట్టుకాడ సరుకు దిగుతాదా? దీని గుండె అలాగే పరిగెట్టినాది. రక్తం నిండకముందే తోసేసినాది. ఉన్న కాస్తా ముందు తలకాయకి పోయినాది, పేగులు పస్తున్నాయి. దెబ్బతిన్న పేగుకి పాలసుక్కే బరువు. నువ్వు ఆముదం పోస్తావా? పేగు సిల్లడిపోతే ఎవుడు కుడతాడు, మీ అప్పా?"

ఆవిడ టేపు తీసి, కాగితం, పెన్సిలు నా చేతికిచ్చారు. "నాలుగు గంటలకోసారి నేను పొట్ట కొలుస్తాను, నువ్వు రాయి." నలభై ఏళ్ళు కొలత తగ్గకూడదని చూసినవాణ్ణి, తొలిసారి తగ్గాలని దేవుళ్ళందరికీ మొక్కాను.

తగ్గింది. పదకొండో రోజు చుక్క చుక్కగా పాలు మొదలుపెట్టారు. పన్నెండో రోజు, సభ మన్నించాలి, పిల్లకి విరేచనం అయింది. డాక్టర్లు భయపడ్డ నెత్తురు జాడ లేదు, మేలిమి పసుపు! వార్డంతటికీ కోవా పంచాను. వాచ్‌మన్ సోములు "ఏటి విశేషం మావా?" అంటే "మా అమ్మాయి దొడ్డికెళ్ళినాదిరా!" అని కేకేశాను. (నవ్వులు)

అందరూ నవ్వుతుంటే సిస్టర్ గారు పిల్ల కింద తీసిన గుడ్డ వెలుతురులో పెట్టి చూశారు. "సేతులు కడుక్కోకుండా కోవా పంచుతావేటి!" అని నన్ను తిట్టి, గోడవైపు తిరిగి కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. పన్నెండు రోజులూ మాకు ధైర్యం చెప్పిన మనిషి మాకంటే ఎక్కువ భయపడ్డారని నాకప్పుడు తెలిసింది.

అమ్మా, ఆ భయానికి నా దండం. వినిపించుకున్న పెద్దలకి కృతజ్ఞతలు. సెలవు.