ఏడు లీవర్ల తాళం

కోర్టు వెనక చిన్న గది. బల్లకి అటు తాళాల మేస్త్రి, ఇటు ఆయన ఇంట్లో దొంగతనం చేసిన పెయింటరు, మధ్యలో ఇద్దరికీ రాజీ కుదర్చాల్సిన మేడమ్.

"...అందుకని ఈ గదిలో దొంగ అనే మాట వాడకూడదు మేస్త్రిగారూ."

"మరేమనాలి మేడమ్? అల్లుడుగారూ అనాలా?"

"'నష్టం కలిగించిన వ్యక్తి' అనాలి. మీరు 'నష్టపోయిన వ్యక్తి'."

"నాకు నష్టమేం లేదండీ. గాజులు దొరికాయి, గోడ గడియారం దొరికింది, కుక్కర్ దొరికింది. కుక్కర్ని తోమి మరీ దాచాడు మహానుభావుడు. మా ఆవిడ తోమినా అంత తెల్లగా రాదు."

"అలవాటండీ మేస్త్రిగారూ. రంగుల పనివాణ్ణి కదా, మరక కనిపిస్తే చెయ్యి ఊరుకోదు."

"పెయింటర్‌గారూ, ఆగండి. ఈ రాయి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలని చెప్పానా లేదా? ఇప్పుడది మేస్త్రిగారి దగ్గరుంది."

"అదే చెబుదామనుకుంటున్నా మేడమ్. ఆయన చేతికి రాయిచ్చి, నన్ను తీసుకొచ్చి ఎదురుగా కూర్చోబెట్టారు. కాస్త ఆలోచించారా?"

"అది నునుపు రాయి. పట్టుకుంటే మనసు కుదుటపడుతుంది."

"నా మనసు కుదుటపడాలంటే రాయి చాలదు మేడమ్. నా తాళం ఎలా తీశాడో చెప్పమనండి. ఆ ఒక్కటీ చాలు. క్షమాపణ కూడా వద్దు."

"క్షమాపణ వద్దంటే ఎలాగండీ? కాగితంలో మొదటి గడి అదే. పెయింటర్‌గారూ, కానివ్వండి. ఆయన కళ్ళలోకి చూసి."

"తప్పయిపోయింది మేస్త్రిగారూ. బుద్ధి గడ్డి తింది. అమ్మగారి గాజులు పట్టుకెళ్ళిన రోజునుంచీ ముద్ద దిగలేదు."

"సరే, క్షమించాను. తాళం ఎలా తీశావు?"

"అంత తొందరగా క్షమించకూడదు మేస్త్రిగారూ! ముందు మీ బాధ చెప్పుకోవాలి. క్షమించడం రెండో పేజీలో ఉంది."

"బాధే కదా, చెబుతా. అది కంపెనీ తాళం కాదు మేడమ్. నా చేత్తో కోసి, నా చేత్తో బిగించిన ఏడు లీవర్ల తాళం. అలాంటివి మా వీధిలో నలభై ఇళ్ళకి అమ్మాను. దేవుడు దిగొచ్చినా తాళంచెవి లేకుండా తియ్యలేడని ప్రతి గుమ్మంలో నిలబడి మాటిచ్చాను. ఇప్పుడేమైంది? మేం ఇద్దరం ఒక్కపూట మా చెల్లెలింటికి వెళ్ళొచ్చేసరికి నా ఇల్లే ఊడ్చేశారు. మా బావమరిది అందరి ముందూ 'ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత' అనేశాడు."

"అది బాధించిందా?"

"వాడి మాటలకేం గానీ, మా ఆవిడ తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకుంటోంది మేడమ్. ముప్పయ్యేళ్ళు తాళాలు చేసినవాడి ఇంటికి కుర్చీ కాపలా! అది చూసినప్పుడల్లా నాకు ఏడుపొస్తోంది. నా తాళంలో లొసుగుంటే ఆ నలభై తాళాలూ నేనే విప్పి తెచ్చేసుకుంటా. కొట్టు మూసేస్తా. నా మాట నమ్మినందుకు ఇంకో ఇంట్లో ఇంకో ఆడమనిషి అలా భయపడకూడదు. అందుకే అడుగుతున్నా. చెప్పవయ్యా."

"రాయి ఆయనకివ్వండి."

"ఇదిగో పట్టు. చెప్పు."

"తలుపు... తీసే ఉందండీ."

"ఏంటీ?"

"మీరు వెయ్యడం మర్చిపోయారనుకుంటా. తోస్తే తెరుచుకుంది."

"తాళం వేసి మూడుసార్లు లాగి చూడకుండా గడప దిగిన రోజు నా జన్మలో లేదు! మేడమ్, అబద్ధం!"

"పెయింటర్‌గారూ?"

"అయితే హెయిర్‌పిన్నుతో తీశానండీ. అమ్మగారిదే, కిటికీలో దొరికింది."

"రెండో లీవరు దగ్గరే వంగిపోతుంది. పరీక్ష చేశాను. మా ఆవిడవి డజను పిన్నులు పాడుచేసి తిట్లు తిన్నాను. ఇంకోటి చెప్పు."

"స్క్రూడ్రైవరు."

"గీత ఏదీ? భూతద్దం పెట్టి చూశాను. గీత కాదు కదా, గోటి గుర్తు కూడా లేదు."

"మరి గాలికేమైనా..."

"గాలికి తెరుచుకోడానికి అది తాళమనుకున్నావా, నీ నోరనుకున్నావా?"

"మేస్త్రిగారూ, రాయి మీ దగ్గర లేదు."

"నా దగ్గరుంటే ఈపాటికి విసిరేసేవాణ్ణి మేడమ్."

"పెయింటర్‌గారూ, చూడండి. మీరు నిజం చెప్పకపోతే నేను సంతకం పెట్టలేను. కేసు మళ్ళీ జడ్జిగారి దగ్గరికే పోతుంది. జైలంటే తెలుసు కదా?"

"తెలుసండీ. కానీ మొన్న మీరే కదా చెప్పారు, ఆయన మనసు మళ్ళీ నొచ్చుకునే మాట ఒక్కటి కూడా అనకూడదని?"

"అవును. ఆరో నియమం."

"నిజమే చెప్పాలన్నది?"

"రెండో నియమం."

"రెండిట్లో ఏది పెద్దదండీ?"

"అది... మాకు శిక్షణలో చెప్పలేదు."

"అందుకే అడిగాను. మేస్త్రిగారూ, మీరు పెద్దవారు. హెయిర్‌పిన్నని రాయించేసుకోండి. పోనీ నేను ఊళ్ళు తిరిగి తాళాలు తీసే ఘరానా మనిషినని రాయించండి. అలాంటివాడి ముందు ఏ తాళమైనా ఆగదు కదా అనుకుంటారు. మీకు పరువు దక్కుతుంది."

"నీకు శిక్ష పెరుగుతుందిరా!"

"పెరగనివ్వండి. మీ ఇంట్లో నాలుగు రోజులు పనిచేశాను. నాలుగు పూటలూ అమ్మగారు విసుక్కోకుండా భోజనం పెట్టింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టినవాణ్ణి, ఆ మాత్రం చెయ్యకపోతే ఎలాగండీ?"

"మేడమ్, వీడేంటి, నామీద జాలిపడుతున్నాడు? వీడు నామీద జాలిపడ్డమేంటి?"

"వ్యక్తి అనండి, వీడు కాదు. అయినా ఇది మంచి పరిణామం. పశ్చాత్తాపం అని రాసుకుంటున్నా."

"ఆగండాగండి. రాయకండి. పిన్ను కాదు. స్క్రూడ్రైవరు కాదు. గీత లేదు, లీవరు వంగలేదు. అంటే... తాళంచెవితోనే తీశాడు! మేడమ్, చెవితో తీశాడు! నా తాళం ఓడలేదు!"

"మేస్త్రిగారూ, కూర్చోండి."

"ఎలా కూర్చోమంటారండీ? నలభై ఇళ్ళు! ఒక్కటి కూడా విప్పక్కర్లేదు! ఈ రోజే వెళ్ళి ఆ కుర్చీ తీసి వంటింట్లో వేస్తా. అయ్యా, చెవేనా? నిజం చెప్పు, చెవేనా?"

"చెవేనండీ."

"నా తండ్రే! మేకుకి తగిలించి ఉండే మా ఆవిడ చెవి కదూ? కానీ అది మేకునే ఉంది. అంటే తీసి, మారుతాళం చేయించుకుని, మళ్ళీ తగిలించేశావు."

"భోజనాల వేళ వెళ్ళొచ్చానండీ. ఇక చాలు కదా మేస్త్రిగారూ? మేడమ్, సంతకం ఎక్కడ పెట్టాలి?"

"సంతకం తర్వాత. చేసిచ్చిందెవడు?"

"ఎవరో లెండి."

"ఎవరో ఏంటి? చెవి ఎవరిది, ఎందుకు అని అడక్కుండా చేసిచ్చేస్తాడా? పొట్టకూటికి ఇంత దిగజారతాడా? నిన్ను క్షమించాను, పేదవాడివి, ఆశపడ్డావు. ఆ వెధవని మాత్రం వదలను."

"అంత మాటనకండి మేస్త్రిగారూ. మీరే బాధపడతారు."

"నేనెందుకు బాధపడతాను? మేడమ్, వాణ్ణి కదా తీసుకొచ్చి ఈ కుర్చీలో కూర్చోబెట్టాల్సింది! ఏడు పళ్ళు కోశాడంటే పనిమంతుడే, అదే నాకు మండిపోతోంది. పని తెలిసినవాడికి బుద్ధుండక్కర్లేదా?"

"మూడో వ్యక్తి ఉంటే వేరే కాగితం నింపాలి. పెయింటర్‌గారూ, చెప్పండి. ఇక్కడ రెండో నియమమే పెద్దది. నేను చెబుతున్నాను."

"మీరు ఖాయంగా చెబుతున్నారా మేడమ్?"

"ఖాయంగా."

"బజారంతా తిరిగానండీ. ఏడు లీవర్ల చెవి మావల్ల కాదన్నారు అందరూ. ఒక్కరే చెయ్యగలరని చెప్పి... మేస్త్రిగారి కొట్టుకే పంపించారు."

"...నా కొట్టుకా?"

"చెవి చూడగానే మీ మొహం వెలిగిపోయిందండీ. 'మన తాళమే! మంచి తాళం కొన్నావయ్యా, ఇక నిశ్చింతగా పడుకో' అన్నారు."

"నిన్ను... నిన్ను నేను గుర్తుపట్టలేదా?"

"ఇంట్లో మొహానికి గుడ్డ చుట్టుకుని నిచ్చెన మీద ఉండేవాణ్ణి. కొట్లో మీరు చెవిని చూసి మురిసిపోయారు గానీ, నన్నెక్కడ చూశారు?"

"మేస్త్రిగారూ, మంచినీళ్ళు తాగుతారా?"

"వద్దు. సరే, చేశాననుకో. చేశాననే అనుకో! అయినా నా తాళంలో మారుతాళం మొదటిసారే తిరగదు. ఎంత పనివాడు చేసినా సరే, ఐదో లీవరు దగ్గర బిగుసుకుంటుంది. ఆ మాటైనా ఒప్పుకో!"

"నిజమేనండీ, తిరగలేదు. మర్నాడు మళ్ళీ తెస్తే మీరే ఊరికే అరగదీసి, నూనె కూడా పెట్టి, 'ఈసారి తలుపు తెరుచుకోకపోతే నన్నడుగు' అని భుజం తట్టి పంపించారు."