ఎఫ్2 నొక్కమన్న పేజీ

కోలారు బంగారు గనుల పక్కన రాబర్ట్‌సన్‌పేటలోని డీటీపీ అంగడిలో, కంప్యూటర్లో టైపు కొట్టే సాఫ్ట్‌వేర్‌కు తాను రాసిన తెలుగు హెల్ప్ పుస్తకాన్ని అంగడి నడిపే అతడు కొత్త వెర్షన్‌కు తగ్గట్టు మారుస్తున్నాడు. గనిలో పనిచేసిన ముసలాయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

“గనిలో నా జతగాడు రాయ్ దగ్గుతా చెప్పిందంతా మూడు దినాలు కంప్యూటర్ ఆపకుండా కొట్టినానప్పా. కొట్టింది సేవ్ చేసి దాచిపెట్టాలంటే ఎఫ్2 అని పుస్తకంలో రాసినావు కదా, ఈ పొద్దు నొక్కితే అంతా పోయింది.”

“అయ్యో! కొత్త వెర్షన్లో ఎఫ్2 అంటే చెరిపేదన్నా. చెరిపేదా అని అడగలేదా?”

“ఇంగ్లీషులో ఏందో అడిగింది. ఏమడిగినా ఎస్ అనమని నీ పుస్తకంలోనే ఉండాది. గనిలో బోర్డు మీద రాసినట్టు చేసినోళ్ళమే బతికి పైకొచ్చినాము. ఎదురు ప్రశ్న వేసేది మాకు తెలీదు.”

“పోనీలే, రాయన్నను ఇంగొకసారి చెప్పమను. దుమ్ము ఎట్ల మింగినాడో, ఏ షాఫ్టులోనో. నేనే కొడతాను.”

“రాయ్‌ను నిన్న మట్టి చేసినాము. అది గని జబ్బని డాక్టర్ల ముందర చూపించి పరిహారం అడిగేదానికి వాని పెండ్లాం మార్తాకు ఆ కాగితం ఒకటే ఆధారం. వాకిట్లో కూర్చోనుండాది.”

అతడి ముందు తెర మీద ఆ ఎఫ్2 పేజీయే తెరిచి ఉంది.

“కొత్తది వచ్చి ఆరు నెలలాయె అన్నా. నా మాదిరి ఎనిమిదో క్లాసుతో బడి మానినోడు రాసింది ఎవడు చదువుతాడులే అని మార్చకుండా వదిలేసినాను.”

“నేను చదివినానప్పా. ఒక్క అక్షరం వదల్లేదు.”